పాపం, నీతి, ప్రార్థన: మా గురువారం కూటంలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

కర్నూల్లో మా ఇంటి మిద్దె మీద ప్రతి గురువారం సాయంత్రం పది పదిహేను మంది ఆడోళ్ళం కూడుకుని ప్రార్థన చేసుకుంటాం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు ఉన్నారు, బాప్టిస్టులు ఉన్నారు, ఇద్దరు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అక్కలు వస్తారు, పెంతెకొస్తు వాళ్ళు ఉన్నారు, ఏ చర్చిలోనూ పేరు లేకుండా ఊరికే వచ్చి మూలన కూర్చునే వాళ్ళు కూడా ఉన్నారు. ప్రార్థన అయిపోయి టీ తాగేటప్పుడే అసలు ప్రశ్నలు బయటికొస్తాయి, అవి ఎట్ల తిరిగినా చివరికి ఒక చోటికే చేరతాయి: నేను ఇట్లాంటిదాన్ని కదా, నా మాట దేవుడు వింటాడా అని. నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీ మెట్లెక్కలేదు, 20 ఏండ్లుగా సండే స్కూల్ పిల్లలకు చెప్తాన్నా అంతే. అందుకే ప్రతి చోటా వచనం నంబర్ ఇచ్చినా, మీ బైబిల్ తీసి మీరే చూసుకోండి.

పాపం చేసినోళ్ళ ప్రార్థన దేవుడు వినడంట, నిజమేనా అక్కా?

ఈ మాట వట్టిగా పుట్టలేదు. యెషయా 59:1-2లో దేవుని చెయ్యి కురచ కాలేదు, ఆయన చెవులు మందం కాలేదు, మీ దోషాలే మీకూ ఆయనకూ అడ్డం వచ్చినాయి అని స్పష్టంగా ఉంది. కీర్తన 66:18 ఇంకా దగ్గరగా వచ్చి తగుల్తుంది, నా హృదయంలో పాపాన్ని లక్ష్యం చేస్తే ప్రభువు నా మనవి వినడు అని. ఈ రెండూ చదివి భయపడి బైబిల్ మూసేసిన వాళ్ళను నేను చూసినా.

కానీ ఆ "లక్ష్యం చేస్తే" అనే మాట దగ్గర కాసేపు ఆగండి. పాపం చేస్తే అని లేదు అక్కడ. లక్ష్యం చేయడం అంటే దాని మీద కన్నేసి పెట్టుకోవడం, ఇది నాకు కావాలి, దీన్ని వదిలేది లేదు అని లోపల దాచి ఉంచుకోవడం. ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని ఇంకో చెయ్యి దేవుని వైపు చాపడం. పడిపోయి ఏడ్చేవాళ్ళ గురించి కాదు ఆ వచనం.

పడిపోయి ఏడ్చినోళ్ళను దేవుడు విన్న సంగతులు బైబిల్లో చాలా ఉన్నాయి. దావీదు రాజు ఇంకొకరి పెండ్లాంతో వ్యభిచారం చేసి, ఆమె మొగుణ్ణి యుద్ధంలో చంపించి, అంతా అయినాక చేసిన ప్రార్థనే 51వ కీర్తన, విరిగి నలిగిన హృదయాన్ని దేవుడు అలక్ష్యం చేయడు అని అందులోనే ఉంది. మనష్షే రాజయితే విగ్రహాలు దేవాలయంలోకే తెచ్చి పెట్టినాడు, సొంత కొడుకుల్ని అగ్నిలో దాటించినాడు, అంతటోడు సంకెళ్ళతో బబులోనుకు పోయినాక తగ్గించుకుని మొరపెడితే దేవుడు ఆలకించి మళ్ళీ యెరూషలేముకు తెచ్చినాడని 2 దినవృత్తాంతములు 33లో ఉంది. సిలువ మీద ఏసు పక్కన ఉన్న నేరస్థునికైతే మంచి పని ఒకటి చేసి చూపించడానికి కూడా టైం లేదు, ఒక్క వాక్యం అడిగినాడు, ఆ రోజే జవాబు వచ్చింది.

మరి యోహాను 9:31లో దేవుడు పాపుల మనవి ఆలకించడని సూటిగానే ఉంది కదా?

ఉంది. కానీ ఆ మాట ఎవరు అన్నారో చూడండి. ఏసు అనలేదు, అపొస్తలులు అనలేదు, పుట్టుగుడ్డివాడై ఉండి ఏసు వల్ల అప్పుడే చూపొచ్చిన మనిషి పరిసయ్యులతో, అంటే ధర్మశాస్త్రం గట్టిగా పట్టుకున్న యూదు పెద్దలతో, వాదిస్తా అన్న మాట అది. ఏసు పాపి అని వాళ్ళంటే, పాపి అయితే ఇంత పని ఎట్ల చేస్తాడు అని వాళ్ళు నమ్మే మాటనే వాళ్ళ మీదికి తిప్పినాడు. భలే ధైర్యం ఆ మనిషిది, నాకు చాలా ఇష్టం ఆ అధ్యాయం. 1600 ఏండ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ కూడా ఈ వచనం గురించి చెప్తా, దేవుడు పాపులను విననే వినకపోతే లూకా 18లో గుండెలు బాదుకున్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ప్రార్థన వృథా అయ్యుండేది కదా అన్నాడు.

రోజూ ఒప్పుకుంటా, మళ్ళీ అదే చేస్తా. ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చేయాల?

దీన్ని అడిగేవాళ్ళు ఎప్పుడూ అందరూ పోయినాక చెప్పులేసుకునేటప్పుడు అడుగుతారు. 1 యోహాను 1:9 మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమించి పవిత్రులుగా చేస్తాడు అంటుంది, ఎన్నిసార్ల వరకు అని లెక్క పెట్టలేదు. మనల్ని డెబ్బై ఏళ్ళ మారులు (అంటే డెబ్బై ఇంటూ ఏడు సార్లు) క్షమించమన్న ఆయన తాను మూడోసారికే విసుక్కోడు. సామెతలు 28:13 మాత్రం రెండు పనులు కలిపి చెప్తుంది, ఒప్పుకోవడం, విడిచిపెట్టడం. పోరాడతా పడేవాళ్ళు వేరు, వదలకూడదని ముందే నిర్ణయం చేసుకుని సారీ చెప్పేవాళ్ళు వేరు. మొదటి రకం వాళ్ళకు ఈ ప్రశ్నే బాధగా ఉంటుంది, రెండో రకం వాళ్ళకు ఈ ప్రశ్న రాదు. నువ్వు అడిగినావంటేనే ఏ వైపు ఉన్నావో తెలుస్తాంది కదమ్మా.

ఒక పద్ధతి చెప్తా, యాకోబు 5:16లోనే ఉంది, ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోండి అని. అందరి ముందు మైకులో కాదు, నోరు జారని ఒక్క మనిషి దగ్గర. మా ఆర్‌సీఎం అక్కలు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేస్తారు, పెద్ద పాపం చేసుంటే అది చేసినాకనే సత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె) తీసుకుంటారు, కానీ అంతవరకు ప్రార్థన మానేయమని వాళ్ళ సభ కూడా చెప్పదు. చీకట్లో ఉన్నంతసేపే పాపానికి బలం, ఒకరి చెవిన పడినాక సగం పోతుంది, నా అనుభవం అది.

ఇంట్లో మాటల్లేవు, తోబుట్టువులతో తగువు ఉంది. దానికీ ప్రార్థనకూ ఏం సంబంధం?

చానా సంబంధం. దీని గురించి పెద్దగా చెప్పనీండి, మా ఇంట్లోదే.

మాది పత్తికొండ పక్క పల్లె, బుడ్డలు (వేరుశెనగ) ఏసే మెట్ట భూమి. మా నాయనకూ చిన్నాయనకూ గట్టు దగ్గర తగువు, కొలిస్తే మూడు మూరల నేల కూడా ఉండదు, దానికోసం పదకొండేండ్లు మాటల్లేవు. ఇద్దరూ ఒకే చర్చి, మా నాయన కుడి పక్క, చిన్నాయన ఎడమ పక్క, సంస్కారం (ప్రభువు బల్ల) నాడు ఇద్దరూ ముందుకు పోయి రొట్టె తీసుకుని కండ్లు మూసుకుని వెనక్కొచ్చేవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. మా నాయన రోజూ తెల్లారుజామున 4 గంటలకు లేచి వాన కోసం ప్రార్థన చేసేవాడు. నిష్ఠగా చేసేవాడు, అందులో దొంగతనం లేదు. ఒక లెంట్ దినాల్లో (ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు) అయ్యగారు మత్తయి 5:23-24 చదివినాడు, బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతా నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు పోయి సమాధానపడు అని. ఇక్కడ ఒకటి చూడండి, నీకు వాని మీద కోపం ఉంటే అని లేదు, వానికి నీ మీద ఉంటే అని ఉంది. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని లేదు. మా నాయన ఆ రోజు కానుక చేతిలోనే పెట్టుకుని లేచి బయటికి పోయినాడు, సాయంత్రానికి చిన్నాయన ఇంటి ముందర మంచం మీద కూర్చోనున్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు ఇప్పటికీ తెలీదు. గట్టు మాత్రం చిన్నాయన వైపుకు జరిగింది.

వాన ఆ ఏడు పడిందా అని అడుగుతారు అందరూ. పడలేదు. అది సాక్ష్యానికి పనికొచ్చే కథ కాదు అని నాతో ఒకాయన అన్నాడు కూడా. కానీ మా నాయన ప్రార్థన మాత్రం ఆ రోజు నుంచి మారింది, ముందు వాన ఒకటే అడిగేవాడు, తర్వాత తమ్ముని పిల్లల పేర్లు కూడా ఆ ప్రార్థనలో వినపడేవి.

మార్కు 11:25 కూడా ఇదే, నిలబడి ప్రార్థన చేసేటప్పుడు ఎవరి మీదైనా ఏమైనా ఉంటే క్షమించండి అని. మొగోళ్ళ కోసం 1 పేతురు 3:7 ప్రత్యేకంగా ఉంది, మీ ప్రార్థనలకు అడ్డం రాకుండా భార్యను సన్మానించండి అని. ఇంట్లో చెయ్యెత్తి, చర్చిలో చేతులెత్తితే ఆ చేతులు ఒకటే అని దేవునికి తెలుసు. అట్లని కొట్టే మొగుణ్ణి క్షమించి దెబ్బలు తింటా పడుండు అని ఎవరన్నా చెప్తే వినొద్దమ్మా, క్షమించడం వేరు, ప్రాణం కాపాడుకోవడం వేరు. పెద్దలకు చెప్పండి, పోలీసులకు చెప్పండి, మాకూ చెప్పండి.

కత్తి పట్టినోడు, కేసులున్నోడు వచ్చి ప్రార్థన చేస్తే?

మన సీమలో ఇది పుస్తకంలో ప్రశ్న కాదు, ఫ్యాక్షన్లో మొగోళ్ళను పోగొట్టుకున్న ఇండ్లు మనకు తెలుసు. యెషయా 1:15లో మీరు చేతులు చాపితే నేను కండ్లు కప్పుకుంటాను, ఎంత ప్రార్థన చేసినా వినను, మీ చేతులు రక్తంతో నిండినాయి అని దేవుడే అంటాడు. అంతకంటే గట్టి మాట లేదు. కానీ అదే అధ్యాయంలో మూడు వచనాలు దాటితే, మీ పాపాలు రక్తంలా ఎర్రగా ఉన్నా హిమంలా తెల్లబడతాయి అని ఉంది. ఈ రెండింటి మధ్య 17వ వచనాన్ని జనం దాటేస్తారు, మేలు చేయ నేర్చుకోండి, తండ్రిలేని వానికి న్యాయం తీర్చండి, విధవరాలి పక్షాన నిలబడండి అని. అంటే చంపినోని ఇంటి ముందర విధవరాలు ఉంటుంది కదా, ఆమె దగ్గరకి పోకుండా తెల్లబడాలంటే ఎట్ల? క్షమాపణ దేవుడు ఉచితంగా ఇస్తాడు, కోర్టులో శిక్ష ఉంటే అది అనుభవించాల్సిందే, రెండూ కలిసే ఉంటాయి.

నీతిమంతుని ప్రార్థనకు బలం ఎక్కువంట. అయితే పాస్టరయ్య చేస్తేనే పని అవుతుందా?

యాకోబు 5:16 నిజమే, నీతిమంతుని విజ్ఞాపన బహు బలం గలది. ఉదాహరణగా ఏలీయా ప్రవక్తను చూపించి మూడున్నర ఏండ్లు వాన ఆగిపోయింది, మళ్ళీ ప్రార్థన చేస్తే పడింది అంటాడు. అనంతపురం వైపు మన వాళ్ళకు ఈ మాట చెవికి ఎట్ల తగుల్తుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఏలీయా మనవంటి స్వభావం గల మనిషే అని కూడా అక్కడే రాసినాడు. ఆ మనిషే 1 రాజులు 19లో చెట్టు కింద కూలబడి చచ్చిపోతా అని ఏడ్చినాడు.

నీతిమంతుడు అంటే ఎవరు? రోమా 3:10 ప్రకారం ఒక్కడూ లేడు. యెషయా 64:6 ప్రకారం మన నీతి అంతా మురికి గుడ్డ. మరి ఎవరి ప్రార్థనకు బలం? క్రైస్తవ విశ్వాసంలో దీనికి జవాబు ఏసు. ఆయన నీతి మనకు వస్తుంది (2 కొరింథీ 5:21), ఆయన పేరున అడుగుతాం, అందుకే హెబ్రీ 4:16 కృపాసనం దగ్గరకి ధైర్యంగా రమ్మంటుంది. మనం ప్రార్థన చివర "యేసు నామమున" అనేది ముగింపు మాట కాదు, లోపలికి పోయే గేటు పాస్ అది. ఆ నీతిని దేవుడు మన లెక్కలో వేస్తాడని ప్రొటెస్టెంట్లు గట్టిగా చెప్తారు, కృప మనిషిని లోపల నుంచి నిజంగా నీతిమంతుణ్ణి చేస్తుందని ఆర్‌సీఎం వాళ్ళు గట్టిగా చెప్తారు. దీని మీదే, ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ కాలం నుంచి గొడవ, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ కూర్చుని మూల విషయంలో మనం ఒకటే అని సంతకాలు పెట్టినారు. మా మిద్దె మీద ఆ గొడవ ఎప్పుడూ రాలేదు.

నా మటుకు నాకు అర్థమైంది ఏందంటే, రానిచ్చేది ఏసు నీతి, మన బతుకులో నీతి వచ్చినాక ఏం అడగాలో తెలుస్తుంది. 1 యోహాను 5:14 ఆయన చిత్తానుసారంగా అడిగితే వింటాడు అంటుంది, ఆయనతో నడిచేవాళ్ళకు ఆయన చిత్తం మెల్లగా పట్టుబడుతుంది. ఇంట్లో మంచి కోడలికి అత్త మనసు చెప్పకనే తెలిసినట్టు. పాస్టరయ్యతో ప్రార్థన చేయించుకోండి, మంచిదే, కానీ ఆయన నోటికి ఒక రేటు, మీ నోటికి ఒక రేటు లేదు. ప్రార్థనకు డబ్బు అడిగే వాళ్ళుంటే లేచి వచ్చేయండి.

ఎంత ప్రార్థన చేసినా జవాబు రాలేదు, నాలో దాచిన పాపం ఉన్నట్టేనా?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ మొత్తం రాస్తున్నా అనుకోండి.

నాకు రెండు కాన్పులు నిలబడలేదు. రెండోసారి అయినాక ఒక కూటంలో ప్రార్థన చేయించుకోడానికి పోతే అక్కడ వాక్యం చెప్పే ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ఈమెలో ఒప్పుకోని పాపం ఉంది, అది బయటపడేదాకా గర్భం నిలవదు అని అందరూ వినేటట్టు అన్నాడు. నేను ఇంటికొచ్చి చిన్నప్పుడు దొంగిలించిన చింతకాయల దగ్గర నుంచి అన్నీ రాసి ఒప్పుకున్నా. ఆరు నెలలు అదే పని. తర్వాత ఇంక ప్రార్థన చేయబుద్ధి కాలేదు, మూడేండ్లు నోరు మూసుకుపోయింది. ఆయన అన్న మాట నన్ను పాపం నుంచి దూరం చేయలేదు, దేవుని నుంచి దూరం చేసింది.

ఏసు ఏమన్నాడో చూడండి. యోహాను 9:3లో ఆ పుట్టుగుడ్డివాని గురించే వీడైనా వీని కన్నవాళ్ళైనా పాపం చేయలేదు అన్నాడు. లూకా 13:4లో సిలోయములో గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతా వాళ్ళకంటే పెద్ద పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు కూడా ఊరి పాపం వల్లే అన్నోళ్ళు ఉన్నారు. ఆ నీళ్ళు చర్చిలోకీ వచ్చినాయి, మసీదులోకీ వచ్చినాయి, గుళ్ళోకీ వచ్చినాయి, పసిపిల్లలున్న ఇండ్లలోకీ వచ్చినాయి.

బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర స్నేహితులు ముగ్గురూ చేసింది ఇదే పని, నీలో ఏదో ఉంది ఒప్పుకో అని. చివర్లో దేవునికి కోపం వచ్చింది వాళ్ళ మీద. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లు లాంటి బాధ తీసేయమని మూడుసార్లు అడిగితే నా కృప నీకు చాలు అనే జవాబొచ్చింది, ముల్లు పోలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఏ పాపమూ లేని ఏసు ఈ గిన్నె, అంటే ఈ శ్రమ, తొలగించమన్నాడు, తొలగలేదు. పాపం లేకపోతే అడిగిందల్లా వస్తుంది అనేది నిజమైతే ఆ రాత్రి ఆ గిన్నె తొలగిపోయుండాల.

దావీదు బిడ్డ చచ్చిపోలేదా మరి, అది పాపం వల్లే కదా అని ఒకమ్మాయి అడిగింది. అవును, 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త ద్వారా దేవుడే ఆ మాట చెప్పించినాడు. ఏడు రోజులు నేల మీద పడుండి దావీదు ప్రార్థన చేసినా బిడ్డ బతకలేదు. అది కష్టమైన అధ్యాయం, నేను చదివిన ప్రతిసారీ ఆగిపోతాను. కానీ దేవుడు ఒక్క చోట ఒక్కనికి చెప్పిన మాటను ఎవరికి వారు తీసి పక్కింటామె నెత్తిన పెట్టే హక్కు లేదు. నిన్ను నువ్వు పరీక్షించుకో, కీర్తన 139:23 మాదిరి దేవా నన్ను పరిశోధించు అని అడుగు, ఏదైనా ఉంటే ఆయన చూపిస్తాడు, పేరు పెట్టి చూపిస్తాడు, పొగమంచు మాదిరి భయం పెట్టడు. ఏమీ చూపించకపోతే తవ్వుకోవద్దు.

నెలసరిలో ప్రార్థన చేయొచ్చా? బైబిల్ ముట్టుకోవచ్చా?

చేయొచ్చు, ముట్టుకోవచ్చు, చర్చికి పోవచ్చు. అది పాపం కాదు, దేవుడు పెట్టిన ఒళ్ళు అది. లేవీయకాండములో అపవిత్రత అని ఉన్నది ఆ కాలం ఆచార నియమం, అది కూడా పాపం అనలేదు. 12 ఏండ్లు రక్తస్రావంతో ఉన్నామె గుంపులో దూరి ఏసు వస్త్రం ముట్టుకుంటే (మార్కు 5) ఆయన మైల పడలేదు, ఆమే బాగైంది, కుమారీ అని పిలిచినాడు. స్నానం చేయలేదని, పొద్దున నీసు తిన్నామని ప్రార్థన ఆపేవాళ్ళకు కూడా ఇదే జవాబు.

ఉపవాసం ఉంటే, కానుక ఎక్కువిస్తే పాపం అడ్డం తొలగుతుందా?

తొలగదు. యెషయా 58లో మేము ఉపవాసం ఉన్నా నువ్వెందుకు చూడవు అని జనం అడిగితే, ఉపవాసం నాడే మీ పనివాళ్ళను పీడిస్తున్నారు అని జవాబొచ్చింది. ఐదు రూపాయల వడ్డీకి తిప్పుతా శుక్రవారం ఉపవాసం ఉంటే ఏం లాభం చెప్పండి. సామెతలు 21:13 దరిద్రుని మొర వినకుండా చెవి మూసుకున్నోడు తాను మొరపెట్టినప్పుడు వాని మాట ఎవరూ వినరు అంటుంది. ఉపవాసం మంచిదే, మనల్ని మనం తగ్గించుకోడానికి.

బాప్తిస్మం తీసుకోలేదు, మా ఇంట్లో అందరూ హిందువులే. నా ప్రార్థన వింటాడా?

అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలీ కథ చదువమ్మా. రోమా సైన్యంలో శతాధిపతి, యూదుడు కాదు, బాప్తిస్మం లేదు, నీ ప్రార్థనలూ నీ ధర్మకార్యాలూ దేవుని సన్నిధికి చేరినాయి అని దేవదూతే వచ్చి చెప్పింది. బాప్తిస్మం తర్వాత వచ్చింది. నువ్వు వచ్చి కూర్చో.

ఇంటాయన తాగుతాడు, ప్రార్థన పేరెత్తితే తిడతాడు. ఆయన పాపం నా ప్రార్థనకు అడ్డమా?

కాదు. నీ తప్పులకు నువ్వు, ఆయన తప్పులకు ఆయన. నీ ప్రార్థన ఆయన కోసం నిలబడుతుంది కూడా, యోబు 42లో స్నేహితుల కోసం యోబు ప్రార్థన చేస్తే దేవుడు దాన్ని అంగీకరించినాడు, సొదొమ కోసం అబ్రాహాము బేరమాడినాడు. ఆయన మారతాడని తేదీ చెప్పలేను. మారినోళ్ళను చూసినా, మారకనే పోయినోళ్ళనూ చూసినా.

మాటలే రావడం లేదు. ఎట్ల మొదలుపెట్టాల?

లూకా 18:13లో సుంకరి ఎంత చెప్పినాడో అంత చెప్పండి, దేవా, పాపినైన నన్ను కరుణించు. అదీ రాకపోతే రోమా 8:26 ఉంది, మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడు. నేను మూడేండ్ల తర్వాత మళ్ళీ మొదలుపెట్టిన రోజు ఒక్క మాట కూడా రాలేదు, వంటింట్లో నేల మీద కూర్చుని పొయ్యి మీద ఎసరు మరిగేదాకా ఊర్కే ఉన్నా, తర్వాత లేచి బియ్యం పోసినా. మరుసటి రోజూ అంతే. నాలుగో రోజో ఐదో రోజో "నాయనా" అని ఒక్క మాట వచ్చింది.

గురువారం సాయంత్రం 6 గంటలకు మిద్దె మీద చాపలు పరిచి ఉంటాయి. మాట్లాడకపోయినా పర్లేదు, వచ్చి కూర్చోండి.